గూఢచారి పుట్టిన ఊరు

వీడియో గేమ్ కోసం ఓ గూఢచారి కథ రాయాలి. వాడు మనవాడై ఉండాలి. మన మాట మాట్లాడాలి. అలాంటివాణ్ని ఎక్కడ వెతకాలి? లండన్ దాకా, మాస్కో దాకా పోనక్కర్లేదు. విజయవాడలో చెన్నై వైపు వెళ్లే రైలెక్కి గంటలోపే తెనాలిలో దిగితే చాలు!

చీకటి గోడౌను. గోడకు వీపు ఆనించి ఓ మనిషి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కాపలావాడు అటు తిరగ్గానే పిల్లిలా రెండడుగులు ముందుకేశాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక... 'ఒరేయ్, అన్నం చల్లారిపోతోందిరా!'

'ఒక్క నిమిషం అమ్మా! ఇప్పుడు కదిలితే దొరికిపోతా!'

పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. తెర మీద నక్కి నక్కి నడిచే ఆ మనిషి పేరు ఏ జేమ్సో, శామో, స్నేకో అయ్యుంటుంది. వాడు తిరిగే వీధులు మనవి కావు. వాడు తాగే కాఫీ మనది కాదు. వాడికి అమ్మ ఉందో లేదో కూడా మనకు తెలియదు. అయినా మన పిల్లలు గంటల తరబడి వాడై బతుకుతారు.

ఆ మనిషి వెనక ఓ రచయిత ఉంటాడు. వాడి ఊరేది, ఎవర్ని నమ్ముతాడు, ఎవర్ని మోసం చేస్తాడు, చివరికి ఏం పోగొట్టుకుంటాడు... ఇదంతా ఒకరు కూర్చుని రాయాల్సిందే. హైదరాబాద్‌లోనూ గేమ్ స్టూడియోలున్నాయి. కథలు రాసే కుర్రకారుకీ కొదవ లేదు. మరి ఒక తెలుగు గూఢచారిని పుట్టించాలంటే ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? చిత్రంగా, దానికి తగిన సరంజామా అంతా తెనాలిలోనూ, దాని చుట్టుపక్కల బాపట్ల, రేపల్లె దారుల్లోనూ పోగుపడి ఉంది.

మూడు కాలువల పట్నం

తెనాలికి 'ఆంధ్రా పారిస్' అని ముద్దుపేరు. తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ... కృష్ణ నీళ్లు మూడు పాయలుగా ఊరిని కోసుకుంటూ పోతాయి. చుట్టూ వరి, మినుము పండే డెల్టా భూములు. పంట డబ్బు చేతిలో ఆడింది కాబట్టి నాటకం, సినిమా, సాహిత్యం ఇక్కడ మూడు పూవులూ ఆరు కాయలుగా ఎదిగాయి.

కథ రాసేవాడి కంటితో చూస్తే ఈ ఊరికి మరో సుగుణం ఉంది. ఇది జంక్షను. ఒక దారి చెన్నైకి, ఒకటి విజయవాడకి, ఒకటి గుంటూరుకి, ఇంకొకటి రేపల్లెకి. కొత్తవాడు దిగితే ఎవరూ వింతగా చూడరు. ఎక్కడినుంచి వచ్చాడో, ఎటు పోతాడో పట్టించుకునేంత తీరిక స్టేషన్‌కి ఉండదు. కానీ రెండు వీధులు దాటి లోపలికి వెళితే మాత్రం 'మీరెవరి తాలూకండీ?' అన్న ప్రశ్న తప్పదు. గూఢచారికి ఇంతకంటే సుఖమైన చోటూ, ఇంతకంటే ప్రమాదమైన చోటూ మరొకటి ఉండదు!

ఈ ఊరు కనిపెట్టిన గూఢచారులు ఒకరిద్దరు కాదు. వాళ్లలో మొదటగా పలకరించాల్సిన మనిషి కోసం పక్కనే ఉన్న బుర్రిపాలెం వెళ్లాలి.

116 నంబరు మనిషి

ఘట్టమనేని శివరామకృష్ణమూర్తి 1943 మే 31న బుర్రిపాలెంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1965లో ఆదుర్తి సుబ్బారావు 'తేనె మనసులు'తో కృష్ణగా తెరకెక్కారు. ఆ సినిమాలో స్కూటర్ మీద కారును వెంబడించి, దాని మీదకు దూకే ఘట్టం ఒకటుంది. డూపు లేకుండా చేశారు. అది చూసిన నిర్మాత డూండీకి తను వెతుకుతున్న మనిషి దొరికేశాడు. మరుసటి ఏడాదే, 1966లో, 'గూఢచారి 116' వచ్చింది. దర్శకుడు మల్లికార్జునరావు, రచన ఆరుద్ర, నాయిక జయలలిత.

అప్పటికి జేమ్స్‌బాండ్ తెరమీదకొచ్చి నాలుగేళ్లే అయింది. తెలుగు తెర మీద కత్తియుద్ధాలూ, కన్నీటి కాపురాలే ఎక్కువ. సూటు వేసుకుని, తుపాకీ పట్టుకుని, పేరుకు బదులు నంబరుతో తిరిగే హీరోని జనం వింతగా చూశారు. తర్వాత నెత్తిన పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే కథ హిందీలో 'ఫర్జ్'గా వెళ్లి జితేంద్రను నిలబెట్టింది. ఇక్కడ కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ అక్కడ దర్శకుడయ్యారు. కృష్ణకు 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అన్న పేరు స్థిరపడిపోయింది. 'జేమ్స్‌బాండ్ 777', 'ఏజెంట్ గోపి', 'రహస్య గూఢచారి', 'గూఢచారి 117'... వరస కట్టాయి.

గేమ్ కథ రాసేవాళ్లు ఈ సినిమాలో చూడాల్సింది తుపాకులు కాదు. మొదట్లోనే ఏజెంట్ 303 చనిపోతాడు. వాడి స్థానంలో 116 వస్తాడు. అంటే ఈ ఉద్యోగంలో మనిషి పోతే నంబరు మారుతుంది, అంతే! ఇక రెండోది... 116 మనసుపడ్డ అమ్మాయి తండ్రి మీదే అనుమానం. ప్రేమా, పనీ ఒకే ఇంటి గుమ్మంలో ఎదురుపడ్డాయి. ఈ ముడి వేయడం తెలిస్తే సగం కథ రాసినట్టే.

విచిత్రం ఏమిటంటే ఆ నంబరు అర్ధశతాబ్దం తర్వాత మళ్లీ తెనాలినే వెతుక్కుంటూ వచ్చింది. 2018లో అడివి శేష్ 'గూఢచారి' విడుదలైంది. అందులో నాయకుడి పేరు గోపి, గుర్తు ఏజెంట్ 116. పాత సినిమాకు అదో దండం. ఆ చిత్రంతో తెలుగు తెరకు పరిచయమైన నాయిక శోభిత ధూళిపాళ పుట్టింది తెనాలిలోనే, పెరిగింది విశాఖలో. ఆమె పుట్టినరోజు కూడా మే 31! ఇలాంటిది కథలో రాస్తే 'మరీ అతికినట్టుంది' అని కొట్టేస్తారు.

ఈ రెండో 116 కథ మొదటిదానికి భిన్నం. ఇతను పోయాడనుకున్న తండ్రి కోసం గూఢచారి అవుతాడు. పెంచిన మనిషి అసలు పేరే దాచి, వేరే పేరుతో పెంచాడు. చేరిన సంస్థ చివరికి ఇతన్నే నేరస్థుడంటుంది. 1966లో గూఢచారికి ఉద్యోగం ఉంటే చాలింది. 2018 నాటికి ఇల్లూ, తండ్రీ, గాయం కావాల్సి వచ్చాయి. ప్రేక్షకుడు ఎంత దూరం వచ్చాడో చెప్పడానికి ఈ తేడా చాలు.

కృష్ణ 2022 నవంబరులో కన్నుమూశారు. సొంతూరిలో ఆయన విగ్రహం వెలిసింది. సూటు వేసుకున్న నంబరు మనిషి ఈ వరిచేల మధ్య నుంచే వెళ్లాడని బుర్రిపాలెం దారిలో నడిస్తే నమ్మబుద్ధి కాదు. గూఢచారికి కావాల్సింది కూడా అదే... చూస్తే నమ్మబుద్ధి కాకపోవడం!

సినిమాలకంటే ముందే పుస్తకాల్లోనూ ఈ ఊరి వాటా ఉంది. డిటెక్టివ్ యుగంధర్‌నీ, అతని సహాయకుడు రాజునీ సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు తెనాలిలో పుట్టినవారే. ఆ తర్వాతి తరం మధుబాబు 'షాడో' కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు నిలబడింది. పాఠ్యపుస్తకం మధ్యలో షాడోను దాచి చదివిన ప్రతి విద్యార్థీ నాలుగు గంటలపాటు గూఢచారే కదా!

అబద్ధంతో కాపురం

ఇప్పుడు తెనాలిలోని ఐతానగర్. 'చందమామ', విజయా సంస్థల వెనక నిలిచిన చక్రపాణి ఇక్కడివారే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. గూఢచారికీ చక్రపాణికీ సంబంధం ఏమిటంటారా? 'మిస్సమ్మ' గుర్తు చేసుకోండి.

1955లో వచ్చిన ఆ చిత్రానికి రచన చక్రపాణిది. అప్పాపురం బడికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలి. ఉద్యోగం లేని ఎం.టి.రావు, అప్పుల్లో ఉన్న మేరీ పెళ్లయినట్టు నటించి ఆ ఊరెళతారు. మతం వేరు, అలవాట్లు వేరు, పేర్లే వేరు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అబద్ధం ఆడాలి. పైగా అదే ఇంట్లో భూతద్దం పట్టుకుని తిరిగే ఔత్సాహిక డిటెక్టివ్ రాజు!

నవ్వుకుంటూ చూసేస్తాం కానీ, మారుపేరుతో బతకడంలోని కష్టం ఇంతకంటే బాగా చూపించిన తెలుగు కథ అరుదు. మేరీకి తుపాకీ భయం లేదు. ఆమె భయమల్లా పేరంటానికి పిలుస్తారేమోనని, బొట్టు పెట్టుకోమంటారేమోనని. ఊరి జమీందారు దంపతులు సొంత కూతురిలా చూసుకుంటుంటే తట్టుకోలేక విసుక్కుంటుంది. వాళ్ల ప్రేమ పెరిగేకొద్దీ ఆమె అబద్ధం బరువెక్కుతుంది.

గూఢచారి కథ అసలు బరువు ఇక్కడే ఉంది. వేషం దొరికిపోవడం ఒక భయం. వేషాన్ని జనం ప్రేమించడం అంతకంటే పెద్ద భయం.

స్థానంవారి పాఠం

వేషం మాటొచ్చింది కాబట్టి బాపట్ల వెళ్లక తప్పదు. తెనాలి నుంచి చెన్నై లైన్లోనే ఉంది. భావనారాయణస్వామి గుడి, వ్యవసాయ కళాశాల, కాస్త దూరంలో సూర్యలంక తీరం, అక్కడే వైమానికదళ కేంద్రం. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా కేంద్రం కూడా. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోతే, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది.

ఈ ఊళ్లో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో ఆడవేషాలు కట్టి ఆంధ్రదేశాన్ని ఊపేశారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి... ఒక్కో పాత్రకు ఒక్కో నడక, ఒక్కో చూపు, ఒక్కో చీరకట్టు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

వాటిలో మధురవాణిని తీసుకోండి. 'కన్యాశుల్కం' చివర్లో ఆమె మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరకు వెళుతుంది. అంటే వేదిక మీద ఒక మగవాడు ఆడదానిగా నటిస్తూ, ఆ ఆడది మగవాడిగా నటిస్తుంటే చూపించాలి! మగవేషంలో ఉన్నా లోపల మధురవాణే కనిపించాలి. స్థానంవారు మాత్రం కనిపించకూడదు. గూఢచారుల భాషలో దీన్ని వేషం మీద వేషం అనొచ్చు.

గేమ్‌లలో వేషం మార్చడం చాలా తేలిక. ఒక మీట నొక్కితే కాపలావాడి దుస్తులు ఒంటిమీదకు వచ్చేస్తాయి. స్థానంవారి రంగస్థలం చెప్పే పాఠం వేరు... చీర కట్టుకుంటే సత్యభామ కాదు, నడిస్తే సత్యభామ. తెలుగు గూఢచారి లుంగీ కట్టుకున్నంత మాత్రాన చేపల రేవులో కలిసిపోడు. అన్నం ఎలా కలుపుకుంటాడు, పెద్దవాళ్లు ఎదురైతే ఎలా పక్కకు తప్పుకుంటాడు, 'ఏమండీ' ఎక్కడ అంటాడు, 'ఏందయ్యా' ఎక్కడ అంటాడు... దొరికిపోయేది వీటిలోనే.

రాయలవారు ఏమన్నారు?

తెనాలి అనగానే అందరికీ మొదట గుర్తొచ్చే మనిషిని ఇంతదాకా తలవనే లేదు. తెనాలి రామకృష్ణుడి పేరుతో 1956లో బి.ఎస్.రంగా తీసిన సినిమా నిజానికి ఒక గూఢచారి కథ. సి.హెచ్.వెంకటరామయ్య నాటకం దానికి మూలం. విజయనగరాన్ని కత్తితో గెలవలేని సుల్తానులు కృష్ణసాని అనే నర్తకిని పంపుతారు. భానుమతి వేసిన పాత్ర అది. రాయలు ఆమె వలలో పడి కొలువు మరిచిపోతాడు. ఆమె ఇంటి గడప తొక్కినవారికి తల తెగుతుందన్న ఆజ్ఞ. వేషం మార్చి లోపలికి వెళ్లి, గుట్టు బయటపెట్టేది రామకృష్ణుడే. అంటే వేగు ఒకవైపు, వేగును పట్టుకునేవాడు మరోవైపు. ఒకరి ఆయుధం అందం, ఇంకొకరిది తెలివి.

ఇది సినిమా కల్పన. కానీ రాయలవారికి వేగుల సంగతి బాగా తెలుసు. ఆయన 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెప్పేచోట మంచి వేగులవాడికి లక్షణాలు చెప్పారు. పలుభాషలు తెలిసి ఉండాలి. చూడగానే గుర్తుపట్టే చిహ్నాలేవీ ఒంటిమీద ఉండకూడదు. వాడు ఆశించినదానికంటే ఎక్కువ ధనం ఇవ్వాలి. అయిదు వందల ఏళ్ల కిందటి మాట! నల్లకళ్లద్దాలు, నల్లకోటు వేసుకుని, పదిమందిలో కొట్టొచ్చినట్టు కనపడే నేటి తెర గూఢచారిని రాయలవారు కొలువులో చేర్చుకునేవారే కాదు.

ఆటలో కథ వేరు

సరే, సరంజామా దొరికింది. దీన్ని ఆటగా ఎలా మలచాలి? సినిమాలో హీరో ఏం చేస్తాడో మనం చూస్తాం. ఆటలో మనమే చేస్తాం. ఆ ఒక్క తేడా మొత్తం రాతను మార్చేస్తుంది.

ప్రపంచంలో గూఢచారి ఆటలకు దారి చూపినవాటిలో 1987 నాటి 'మెటల్ గేర్' ఒకటి. జపాన్‌కు చెందిన హిదెయో కొజిమా దాన్ని తయారుచేసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. అప్పటి ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ తెరమీద ఎక్కువమంది శత్రువుల్నీ, తూటాల్నీ ఒకేసారి చూపించలేకపోయేది. యుద్ధం ఆట చేయడం కుదర్లేదు. అయితే యుద్ధాన్ని తప్పించుకునే ఆట చేద్దాం అనుకున్నారు. అలా కాల్చడం కాకుండా దాక్కోవడమే ఆటయింది! 1997లో 'గోల్డెన్‌ఐ 007' బాండ్‌ను పిల్లల చేతికిచ్చింది. 2002లో 'స్ప్లింటర్ సెల్' వెలుగునీడలనే ఆయుధాలు చేసింది.

కథ రాసేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది 2010లో వచ్చిన 'ఆల్ఫా ప్రొటోకాల్'. అందులో ఎదుటివాడు మాట్లాడుతుండగానే జవాబు ఎంచుకోవాలి, ఆలోచిస్తూ కూర్చుంటే సమయం దాటిపోతుంది. జేమ్స్‌బాండ్‌లా తియ్యగానా, జాసన్ బోర్న్‌లా ముక్తసరిగానా, జాక్ బావర్‌లా గద్దించా? ఎవరితో ఎలా మాట్లాడామో ఆట గుర్తుపెట్టుకుంటుంది. ఒకరికి నచ్చిన తీరు మరొకరికి గిట్టదు. నాలుగు ఘట్టాల తర్వాత ఆ మాటే తలుపు తీస్తుంది, లేదా మూసేస్తుంది.

మనకు ఇది కొత్త కాదు. 'మాట జారితే తీసుకోలేం' అన్నది మన ఇళ్లల్లో రోజూ వినే మాటేగా!

రేపల్లె బండిలో ఒక కథ

తెనాలి నుంచి రేపల్లెకు విడిగా ఓ రైలు దారి ఉంది. సుమారు 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పొలాల మధ్య సాగి రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆపైన రోడ్డు, ఉప్పుగాలి, నిజాంపట్నం రేవు.

ఈ దారిలో ఆటకు కావాల్సిన చోట్లు ఎవరో ముందే అమర్చినట్టుంటాయి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో శాసనాలున్న ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటి మీది లిపి మామూలు బ్రాహ్మికి కాస్త తేడా. బ్యూలర్ దాన్ని విప్పి చదివారు. సంకేతలిపి విప్పే ఘట్టానికి ఇంతకంటే మంచి జాగా దొరుకుతుందా? ఇక నిజాంపట్నం. 1606లో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లిషువారి 'గ్లోబ్' ఓడ ఈ తీరానికి వచ్చింది. ఎవరు ఏ ధరకు కొంటున్నారు, ఎవరు ఎవరికి కానుకలిస్తున్నారు అన్న వార్తలే సరుకుకంటే విలువైన కాలమది. నేడు చేపల పడవలు నిలిచే రేవు.

ఇప్పుడు ఓ కథ అనుకుందాం. పూర్తిగా కల్పితం.

ఒక కుర్రాడు తెనాలి జంక్షన్‌లో దిగుతాడు. పేరు శివ అని చెబుతాడు. సెల్ టవర్లు బాగుచేసే ఉద్యోగమంటాడు. ఐతానగర్‌లో ఓ రిటైర్డు మాస్టారి ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుంటాడు. మాస్టారి కొడుక్కి నిజాంపట్నంలో పడవల వ్యాపారం. ఆ పడవల్లో చేపలే వస్తున్నాయా, ఇంకేమైనా వస్తున్నాయా అన్నది తేల్చాలి. దానికి కొడుకు గదిలోని లెక్కల పుస్తకం కావాలి. ఆ గది తాళం దేవుడి మందిరం పక్క డబ్బాలో ఉంటుంది.

మొదటివారం మాస్టారి భార్య 'ఏం బాబూ, అన్నం తిన్నావా?' అని అడుగుతుంది. రెండోవారం అడగదు, పళ్లెం పెట్టేస్తుంది. మూడోవారం శివకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటుంది. అప్పటికి అతను ఆమెను 'పిన్నిగారూ' అనడం మానేసి 'పిన్నీ' అంటున్నాడు. నాలుగోవారం పైనుంచి కబురు... ఈ రాత్రికి పుస్తకం కావాలి.

పిన్ని రామలింగేశ్వరస్వామి గుడికి వెళుతూ 'ఇల్లు చూస్తుండు నాయనా' అని చెప్పి వెళ్లింది. ఇల్లు ఖాళీ. తాళం కళ్లముందు. కాపలావాడు లేడు, కెమెరా లేదు, తుపాకీ లేదు. ఆటగాడి వేలు మీట మీద ఉంది.

ఏం చేయాలి? దొంగిలిస్తే పని అవుతుంది, కానీ రేపు పళ్లెం పెట్టేటప్పుడు ఆమె మొహం చూడాలి. ఆగితే ఈలోపు పడవ వెళ్లిపోవచ్చు, ఎక్కడో ఎవరి ప్రాణమో పోవచ్చు. మాస్టారికి నిజం చెబితే? బడిలో ముప్ఫై ఏళ్లు నీతి చెప్పిన మనిషి కొడుకు ముందు ఏ పక్క నిలబడతాడు?

ఇందులో ఏది ఎంచుకున్నా ఆట ముందుకే సాగాలి. కానీ ఏదీ ఉచితంగా సాగకూడదు. 'శభాష్, వంద పాయింట్లు' అని తెరమీద పడితే కథ చచ్చిపోతుంది. దానికి బదులు చివరి ఘట్టంలో శివ ఆ వీధిలోంచి వెళుతున్నప్పుడు పిన్ని గుమ్మంలో నిలబడి ఉండాలి. ఆటగాడు చేసినదాన్నిబట్టి ఆమె పలకరించాలి, లేదా తలుపు వేసుకోవాలి. 'అసలు నీ పేరేంటి బాబూ?' అని మాత్రం అడిగినా చాలు. పది తుపాకీ యుద్ధాలు ఆ ఒక్క ప్రశ్న ముందు దిగదుడుపే.

ఈ కథలో కొత్తగా పుట్టించింది కొంచెమే. ప్రేమా అనుమానమూ ఒకే గుమ్మంలో నిలవడం 116 నుంచి వచ్చింది. ప్రేమించేవాళ్ల ముందు అబద్ధం బరువెక్కడం చక్రపాణి నుంచి. నడకలో వేషం చూపడం స్థానంవారి నుంచి. గుర్తుపట్టలేని మామూలు మనిషి రాయలవారి నుంచి. కుర్రాడికి అప్పగించింది ఒక ఇల్లు, అంతే.

ఏడు స్తంభాలు

రేపల్లె బండి తిరిగి తెనాలి చేరాక స్టేషన్ నుంచి ఊళ్లోకి వస్తే రణరంగ చౌక్ ఉంది. ఏడు స్తంభాలు, భరతమాత విగ్రహం. క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగు రోజులకే, 1942 ఆగస్టు 12న, తెనాలి జనం రైల్వే స్టేషన్‌కు నిప్పుపెట్టారు. పోలీసుల కాల్పుల్లో ఏడుగురు నేలకొరిగారు. ఏ జంక్షన్ గూఢచారి కథకు అంత అనువైన చోటని అనుకున్నామో, ఆ జంక్షన్ దగ్గరే ఇది జరిగింది.

వాళ్లు గూఢచారులు కారు. వేషాలు వేయలేదు, పేర్లు దాచలేదు. పట్టపగలు అందరూ చూస్తుండగానే నిలబడ్డారు. గూఢచారి బతుకు దీనికి సరిగ్గా తలకిందులు. వాడు గెలిచినా స్తంభం లేవదు. ఓడినా ఎవరికీ తెలియదు. అయినా ఇద్దరి కథలోనూ ఉన్న ప్రశ్న ఒకటే... దేనికోసం ఏం పోగొట్టుకుంటావు?

వీడియో గేమ్‌కు ఒక సౌకర్యం ఉంది. ప్రాణం పోతే మళ్లీ మొదటినుంచి ఆడొచ్చు. పిల్లలకు ఆ సంగతి తెలుసు కాబట్టే చావు భయం ఉండదు. వాళ్లకు నిజంగా గుండె ఝల్లుమనాలంటే మళ్లీ మొదలెట్టినా మనసులోంచి చెరగనిది ఏదో కథలో ఉండాలి. నమ్మినవాళ్ల ఇంట్లో తాళం తీసిన చప్పుడు అలాంటిది.

తెలుగు గూఢచారిని రాయబోయే కుర్రాళ్లెవరైనా ఉంటే ఓ ఆదివారం తెనాలి బండెక్కొచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు, చిన్న నోటుపుస్తకం చాలు. కాలువ గట్టున నడుస్తూ మనుషులు ఒకర్నొకరు ఎలా పిలుచుకుంటున్నారో వినాలి. రణరంగ చౌక్ దగ్గర కాసేపు నిలబడాలి. ఆ తర్వాత తమ గూఢచారికి ఏ తుపాకీ ఇవ్వాలో కాదు, ఎవరి చేతి అన్నం పెట్టించాలో ముందుగా రాసుకోవాలి.